గాజు ఎక్కని చెయ్యి

ముఖాలు మరిచిపోతాను గానీ చేతులు మరిచిపోను. సంతలో ఎవరైనా వచ్చి "గుర్తుపట్టినవా గాజులక్కా?" అని అడిగితే ముఖంకేసి వెర్రిచూపు చూసి, చెయ్యి ఇటివ్వమంటాను. మణికట్టు పట్టుకోగానే ఆమెది ఏ ఊరో, ఏ కీలు దగ్గర గాజు ఇరుక్కుంటుందో, నిరుడు ఏ రంగు వేయించుకుందో వరసగా గుర్తొస్తాయి. ఇందులో గొప్పేమీ లేదు. పుట్టింట్లో గాజుల వ్యాపారమే, అత్తింట్లోనూ అదే. మణుగూరులో మాకు చిన్న దుకాణం ఉంది. వారంలో సగం రోజులు పినపాక వైపు అడవి పల్లెల సంతలకు ఆటోలో సరుకు వేసుకుని పోతాను.

గాజు తొడగడానికి బలం అక్కర్లేదు. ముందు చేతిని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలు మొదలును మెల్లగా పిసకాలి. ఆమెను మాటల్లో పెట్టాలి. అత్తగారి గురించో మొగుడి గురించో ఒక మాట తీస్తే నవ్వుతుంది. నవ్వినప్పుడు చెయ్యి దానంతటదే వదులవుతుంది, గాజు జారి మణికట్టు మీద కూర్చుంటుంది. అందుకే మా పనిలో చేతులకంటే నోటికే ఎక్కువ పని.

నా నోరు మంచిది కాదన్న విషయంలో మా చుట్టాలందరిదీ ఒకటే మాట. మా ఇళ్లలో మాట్లాడేది సగం ఉర్దూ, సగం తెలుగు. నాకు కోపం వస్తే మాత్రం పూర్తిగా తెలుగే. ఆ తెలుగు విన్నవాళ్లలో మొహం తెల్లబరిచే క్రీములు అమ్మే మనిషి ఒకడు. బైకు మీద అట్టపెట్టె కట్టుకుని దుకాణాలన్నీ తిరిగేవాడు. తెల్లటి గుండ్రటి డబ్బా, మూత మీద ఒక ఆడమనిషి బొమ్మ, చుట్టూ మనకు రాని ఏదో లిపి.

"ఇందుల ఏమేసిండ్రు?" అని అడిగాను.

"క్రీము, ఆపా" అన్నాడు. అక్కను మాలో ఆపా అంటాం.

"క్రీముల ఏమేసిండ్రని అడుగుతున్న."

"తెల్లగైతరాపా, వారంల తెలుస్తది."

"నీకు తెల్వదు, నాకు తెల్వదు, డబ్బా మీద రాసి లేదు. ఇగ ఎవరికి తెలుసని మొహానికి రాసుకోవాలె?" అన్నాను. ఎవరు చేశారో, ఏం వేశారో రాయని సరుకు మా దుకాణం మెట్టు ఎక్కదు. ఆ నియమం మా అత్త పెట్టింది, నేను తప్పలేదు. అతను నవ్వుకుంటూ పక్క దుకాణానికి పోయాడు. నేను వద్దన్న ఆ డబ్బా మా ఇంటి ఆడపిల్ల దగ్గరికి వేరే దారిలో, ఎంతో మర్యాదగా నడిచి వచ్చింది.

మా చెల్లెలికి ఒక్కతే కూతురు. పక్క వీధిలోనే వాళ్ల ఇల్లు. పిల్ల చింతగింజ రంగులో నిగనిగలాడుతూ ఉండేది. మగ్గం వర్క్ చేస్తుంది. జాకెట్టు మీద పూసలూ జరీదారమూ దించితే చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెతుక్కుంటూ వస్తారు. దాన్ని నా ఒళ్లో పడుకోబెట్టుకుని నేను వేసిన మొదటి గాజులు పుట్టిన పిల్లలకు వేసే నల్ల గాజులు. దానికి సత్తుపల్లిలో బట్టల దుకాణం వాళ్ల సంబంధం కుదిరింది. అబ్బాయి నెమ్మదస్తుడు, ఇల్లు మంచిది. నిశ్చితార్థానికి అబ్బాయి తరఫు వాళ్లు ఎర్రగుడ్డ కప్పిన పళ్లేలు పట్టుకుని వచ్చారు. మిఠాయిలు, బట్టలు, అత్తరు, అలంకరణ సామాను, పిల్ల వేలికి బంగారు ఉంగరం.

ఆ పళ్లేల సంగతి మా వాళ్లకు తప్ప వేరేవాళ్లకు అర్థం కాదు. అత్తింటి నుంచి వచ్చిన సామానుకు ఆడపిల్ల వాళ్లు వంక పెట్టకూడదు, పక్కన పెట్టకూడదు. చీర నచ్చకపోయినా కట్టాలి, అత్తరు ఘాటుగా ఉన్నా పూసుకోవాలి. తర్వాత వాళ్లు వచ్చినప్పుడు "మేమిచ్చింది వాడుతున్నదా?" అని అడుగుతారు. ఆ గుడ్డ ఎత్తి చూసే హక్కు పిల్ల తల్లికే. పెద్దమ్మనైనా నేను తడిమి చూడటం మర్యాద కాదు. నేను చూసింది ఉంగరం ఒక్కటే. ఎర్రరాయి పొదిగిన మంచి బంగారం.

నెలలు గడిచాయి. నేను సంతల తిరుగుడులో ఉన్నాను. వచ్చినప్పుడల్లా పిల్ల రంగు తేలుతోంది. "నీడపట్టున కూసుంటున్నది గద" అని మా చెల్లెలు మురిసిపోయేది. తర్వాత బుగ్గలు నిండాయి. చూసిన ప్రతి ఒక్కరూ పెళ్లికళ వచ్చిందన్నారు. మగ్గం ముందు కూర్చున్న పిల్ల తూగుతుంటే, కాబోయేవాడితో ఫోన్లో మాట్లాడి నిద్ర చాలడం లేదని ఆటపట్టించారు. నేనూ ఒకటి రెండు మాటలు కలిపాను, పెళ్లికూతురిని ఆటపట్టించకపోతే అది పెళ్లిల్లే కాదు.

పెళ్లి దగ్గర పడ్డాక ఒకరోజు మా చెల్లెలు నన్ను వంటింట్లోకి లాక్కుపోయి తలుపు వేసింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చిన్న గుడ్డమూట తీసింది. అందులో నిశ్చితార్థపు ఉంగరం. నేను చూసినప్పుడు పసుపు పచ్చగా మెరిసిన బంగారం ఇప్పుడు సగం దాకా వెండిలాగా పాలిపోయి ఉంది.

"చూడాపా, ఎంత మోసం చేసిండ్రో. పైన పూత, లోపల ఏందో. గింత పెద్ద దుకాణం పెట్టుకొని మా పిల్లకు నకిలీ ఉంగరం తొడుగుతరా?" అని గుసగుసగానే మండిపడింది.

నాకూ కోపం వచ్చింది. కానీ కార్డులు పంచేశాం, చుట్టాలు బయల్దేరుతున్నారు. "మంజే కానియ్యి, తర్వాత నేనే అడుగుత. నేనడిగితే ఎట్లుంటదో తెలుసు గద" అన్నాను. ఆ మాట విని అది కాస్త కుదుటపడింది.

మంజే అంటే పెళ్లికి ముందు పిల్లను పసుపు బట్టల్లో ఒక గదిలో కూర్చోబెట్టే వేడుక. అప్పటి నుంచి నిఖా దాకా పిల్ల గడప దాటకూడదు, ఎండ తగలకూడదు. పని చెప్పరు. పసుపూ సున్నిపిండీ రుద్దుతారు, రొట్టె బెల్లం కలిపి చేసే మలీదా తినిపిస్తారు, పాటలు పాడతారు. మా ఇంట్లో మంజే రోజు మొదటి గాజులు నేను వెయ్యాలి. ఆకుపచ్చ మట్టిగాజులు, రెండు నాలుగు సైజు, విడిగా ఏరి పెట్టుకుని పోయాను. రంజానుకు దానికి వేసిన సైజు అదే. పెళ్లయిన పదేళ్ల దాకా ఆ చేతికి అదే సైజు అని నాకు నమ్మకం.

చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. పిసికాను. నవ్వించాను. గాజు కీలు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోటి తీశాను, అదీ ఆగింది. సంచిలోంచి అంతకంటే పెద్దది, రెండు ఆరు సైజు తీశాను. అదీ ఎక్కలేదు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. "అత్తోళ్ల మిఠాయి ఒంటికి పట్టింది", "పెద్దమ్మా, పెద్ద గాజులు తేకపోతివి" అని తలా ఒక మాట అన్నారు.

నేను నవ్వలేదు. ఒళ్లు చేసిన చెయ్యి నాకు తెలుసు. కండ పడితే చెయ్యి గట్టిగా ఉంటుంది, వేలికి ఎదురు తిరుగుతుంది. ఇది గట్టిగా లేదు, నానబెట్టిన పిండిలా ఉంది. మణికట్టు మీద బొటనవేలితో నొక్కి వదిలాను. గుంట పడింది. పడిన గుంట లేవలేదు. పసుపు సల్వారు కొంచెం పైకి జరిపి చీలమండ చూశాను. పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంది. మా అత్తకు కిడ్నీలు చెడిపోయినప్పుడు కాళ్లు ఇట్లాగే ఉండేవి, నేనే నూనె రాసేదాన్ని.

"పాటలు ఆపుండ్రి. ఈ పిల్లకు గాజులు కాదు, దవాఖానా కావాలె" అన్నాను.

ఇల్లంతా నా మీద పడింది. మంజేలో కూర్చున్న పిల్లను బయటికి తీస్తే కీడు అని ఒకరు, గాలి సోకుతుందని ఒకరు. మా చెల్లెలు నా కొంగు పట్టుకుని "ఆపా, గడప దాటనియ్యకు. వాళ్లకు తెలిస్తే ఏమంటరు?" అని ఏడ్చింది. "ఏమన్నా అననియ్యి. అననీకి పిల్ల ఉండాలె గద!" అని అరిచాను. అప్పుడు వచ్చింది పూర్తి తెలుగు. పసుపు బట్టల మీదే బురఖా వేయించి, కారు కిరాయికి మాట్లాడి, తల్లీకూతుళ్లిద్దరినీ ఖమ్మం తీసుకుపోయాను. పిల్ల నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను దాని చెయ్యి వదల్లేదు.

కిడ్నీల డాక్టరమ్మ ముఖం చూసి, కాళ్లు నొక్కి, మూత్రం పరీక్షకు పంపింది. ప్రొటీను బాగా పోతోందని తేలింది. నాటుమందులేమైనా మింగావా, నొప్పుల బిళ్లలు వేసుకున్నావా అని అడిగింది. పిల్ల లేదంది. మొహానికి ఏమైనా రాస్తున్నావా అని అడిగింది. దానికీ లేదంది. అబద్ధం కాదు, దాని లెక్కలో అత్తింటి నుంచి వచ్చింది క్రీము కాదు, కానుక. ఆ గదిలో ఏమీ తోచక నా నోటికి ఉంగరం వచ్చింది.

"ఏం రోగమో ఏమో డాక్టరమ్మా, ఆ ఇంటి నుంచి వచ్చిన ఉంగరం కూడ తెల్లవడ్డది" అన్నాను.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగింది. "బంగారు ఉంగరం తెల్లబడ్డదా? ఏ చేతికి?" అని అడిగి, పిల్ల వైపు తిరిగి మెల్లగా అంది. "సిగ్గుపడకమ్మా. నిన్నెవరూ ఏమనరు. ఆ చేత్తో మొహానికి ఏం రాస్తున్నవ్?"

అప్పుడు చెప్పింది. పళ్లెంలో వచ్చిన తెల్ల డబ్బా. రోజూ పడుకునే ముందు మొహానికీ మెడకూ చేతులకూ. ఉంగరం తియ్యకుండానే.

"అందుల పాదరసం ఉండి ఉంటది" అంది డాక్టరమ్మ. పాదరసం బంగారానికి తగిలితే బంగారం తెల్లబడుతుందట. చర్మం మీద రాస్తే నలుపు పుట్టకుండా అడ్డుకుంటుందట, అందుకే మొదట తెల్లగా అవుతారు. కానీ అది పైపైనే ఆగదు. చర్మంలోంచి ఒంట్లోకి దిగి కిడ్నీల్లో చేరుతుంది, నరాలకు తగులుతుంది. తలగడకూ తువ్వాలకూ అంటి, రాసుకోని వాళ్లను కూడా వదలదు. పిల్లను దవాఖానాలో చేర్చుకుని, ఇంటి నుంచి తెప్పించిన డబ్బానూ పిల్ల మూత్రాన్నీ హైదరాబాదు ల్యాబుకు పంపించారు. రెండు రోజుల్లో వచ్చిన రిపోర్టులో ఆమె అనుమానమే నిజమని తేలింది.

చిన్నప్పుడు దవాఖానాలో థర్మామీటరు పగిలితే పాదరసం గుండ్లను అరచేతిలో పోసుకుని ఆడుకున్నాం. ముట్టుకుంటే రెండుగా చీలి, మళ్లీ దగ్గరికి చేరిస్తే ఒకటయ్యేది. చురుకైన పిల్లవాడిని ఇప్పటికీ పాదరసం అని మెచ్చుకుంటాం. అంత అందమైనది మా పిల్ల కిడ్నీల్లో కూర్చుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. డాక్టరమ్మ గోడ వైపు చూపించి "ఇక్కడ పాదరసం బీపీ మిషన్ ఉంటుండె, తీసేసినం. గాజు థర్మామీటర్లు కూడ తీసేస్తున్నం. అవి లేకున్నా జ్వరం తెలుస్తనే ఉన్నది. దవాఖానాల వద్దనుకున్నదాన్ని మొహానికి పూసుకొమ్మని అమ్ముతున్నరు" అంది. ఆమె గొంతులో నా కోపమే వినిపించింది. ఆ క్షణం నుంచి ఆమె నాకు సొంత మనిషయింది.

"బాగైతదా?" అని అడిగింది మా చెల్లెలు.

"మానేస్తే చానమందికి కిడ్నీలు తిరిగి కోలుకుంటయ్. ఈమెకూ అట్లనే కావాలని మందులిస్తున్న. మాట మాత్రం ఇయ్యలేను. కొన్ని నెలలు చూడాలె. పెళ్లి ఇప్పుడు వద్దు."

దవాఖానా వరండాలో బెంచీ మీద మా చెల్లెలు కొత్త భయం మొదలుపెట్టింది. కిడ్నీల జబ్బని తెలిస్తే సంబంధం పోతుంది. మీ డబ్బా వల్లే అంటే వాళ్లను అవమానించినట్టవుతుంది, అప్పుడూ పోతుంది. కామెర్లని చెప్పి వాయిదా వేద్దామంది. దాని భయం అబద్ధం కాదు, ఆగిపోయిన పెళ్లికి ఊళ్లో ఎన్ని కథలు పుడతాయో నాకూ తెలుసు. అంతలో వార్డు లోపల మంచం మీంచి పిల్ల పిలిచింది. పెద్దమ్మను మాలో ఖాలా అంటారు.

"ఖాలా, నువ్వు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్ల అమ్మి కూడ అదే డబ్బా రాస్తదంట. నాకు ఫోన్ల చెప్పింది."

ఉబ్బిన ఆ ముఖంలో కళ్లు చిన్నగా కనిపిస్తున్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. తన సంబంధం పోతుందేమోనని వణకాల్సిన పిల్ల, కాబోయే అత్త కిడ్నీల గురించి ఆలోచిస్తోంది. దాని నుదురు మీద ముద్దు పెట్టుకుని మర్నాడే సత్తుపల్లి బస్సెక్కాను. నాకు దాన్ని చూసి ఎంత గర్వం కలిగిందో దాచుకోవాల్సిన పని లేదు.

బొగ్గు గుట్టలూ పామాయిల్ తోటలూ దాటుతున్నంతసేపూ అనబోయే మాటలు నూరుకున్నాను. దుకాణం వెనకాలే వాళ్ల ఇల్లు. వియ్యపురాలే ఎదురొచ్చింది. మా వాళ్లలో వియ్యపురాలిని సమ్ధన్ అంటాం. "రండి సమ్ధన్. ఏంటి, ఒక్కరే వచ్చారు? మంజే బాగా జరిగిందా?" అని కూర్చోబెట్టి, తనే టీ తీసుకువచ్చింది. గదిలోకి అడుగు పెట్టకముందే సాసర్ల మీద కప్పులు గలగలమనడం వినిపించింది. పళ్లెం పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, పమిట పక్కన కనిపిస్తున్న భుజం మాత్రం నాలాగే నలుపు.

నూరుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "ముందు చెయ్యి ఇటియ్యండి, గాజులు వేస్త" అన్నాను. సంచి నా వెంట ఎప్పుడూ ఉంటుంది. ఆమె ఆశ్చర్యపోతూనే ఇచ్చింది. వేళ్ల చివరల నుంచి వణుకు నా అరచేతికి తెలుస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి గిట్ల?"

"ఈమధ్యేనండి. నీరసం అనుకుంటా. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. నిద్ర పట్టదు. ఊరికే కోపం వస్తుంది, మా ఆయన నాతో మాట్లాడాలంటేనే భయపడుతున్నాడు."

ఆమె చెయ్యి వదలకుండానే అంతా చెప్పాను. మంజే రోజు ఎక్కని గాజు, మణికట్టు మీద పడిన గుంట, డబ్బా, రిపోర్టు. ఆమె చెయ్యి లాక్కోబోయింది. "అంటే మేమిచ్చినదాని వల్లే అంటారా? మీ పిల్లకు మేము విషం పెట్టామంటారా?" అని గొంతు పెంచింది.

చెల్లెలి దగ్గర అడిగి తెచ్చిన గుడ్డమూట విప్పి ఉంగరం ఆమె ముందు పెట్టాను. "మీ బంగారం మంచిది. దీన్ని చూసి మా చెల్లె మిమ్మల్ని అనుమానపడ్డది, నేను కూడ పడ్డ. మీరు మోసం చెయ్యలే. మిమ్మల్నే ఎవడో మోసం చేసిండు. మీ కోడలే పంపింది నన్ను, మీ కోసం."

ఆమె ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత ఏడ్చింది. ఏడుస్తూనే తన నిఖా రోజు సంగతి చెప్పింది. జల్వాలో ముసుగు ఎత్తి, అద్దంలో పెళ్లికూతురి ముఖం చూపించే వేళ, అత్తగారి తరఫు ఒకావిడ "కాకిపిల్లను తెచ్చుకున్నారా?" అందట. గది నిండా జనం నవ్వారట. "అప్పటి నుంచి ఏది రాయమంటే అది రాస్తూనే ఉన్నానండి. ఈ డబ్బా ఒక్కటే పనిచేసింది. నా కోడలికి ఆ మాట పడకూడదనుకున్నాను. అందుకే పంపించాను, పిల్ల నల్లగా ఉందని కాదు."

కొట్లాటకు వచ్చినదాన్ని ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. కాసేపటికి ఆమె లేచి ముఖం తుడుచుకుని, బీరువాలో దాచుకున్న డబ్బాలన్నీ తెచ్చి నా సంచిలో పడేసింది. "పెళ్లి వాయిదా వేద్దాం, సమ్ధన్. మావాడు ఆగుతాడు. ఆగనంటే కాళ్లు విరగ్గొడతాను" అంది. ఆ మాటతో ఆమె నాకు బాగా నచ్చింది. నేను మాట్లాడే తీరులోనే మాట్లాడింది. మర్నాడు ఆమెనూ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె రిపోర్టు మా పిల్లదానికంటే అధ్వాన్నంగా వచ్చింది.

ఆ తర్వాత నేను ఊరుకుంటానా? సంతలో నా బుట్టల పక్కన కొత్త బుట్ట పెట్టాను. వెంట్రుకలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్లు మా దగ్గర ఊరూరా తిరుగుతారు. అదే పద్ధతి నేనూ పట్టుకున్నాను. పేరూ ఊరూ రాయని తెల్ల డబ్బా తెచ్చి ఇస్తే చేతి నిండా గాజులు. మొదట ఎవరూ నమ్మలేదు. "ఎండల పడి పనిచేసేటోళ్లం, జర తెల్లగైతే నీకేం నొప్పి?" అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. గాజుల అమ్మకం కోసం వేషాలని ఒక దుకాణదారు ప్రచారం చేశాడు. ఇప్పటికీ ఇవ్వని వాళ్లు ఇవ్వలేదు. నేను అడగడం మానలేదు.

సంతలో నా పక్కనే చీపుర్లూ ఇప్పపువ్వూ అమ్ముకునే ఒక అడవి పల్లె ఆమె కూర్చుంటుంది. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటారు, నాతో తెలుగు. మొదటి డబ్బా ఇచ్చింది ఆమే. ఇంట్లో కోడలి దగ్గర లాక్కుని వచ్చింది. "పాలిచ్చే తల్లి, పిలగాడు రోజంత ఆమె మొహం నాకుతుంటడు. నువ్వు చెప్పినంక నాకు అన్నం పోలే" అంది. తర్వాత బుట్ట నిండటం చూసి "గివన్ని ఏం చేస్తవక్కా? వాగుల పారేద్దామా?" అని అడిగింది.

"వాగుల పారేస్తే చేపలు తింటయ్. ఆ చేపలు ఎవరు తింటరు?"

ఆమె "మేమే" అంది. "మీరు సంతల కొనుక్కొని మీరు గూడ."

డాక్టరమ్మ ముందే చెప్పింది. డబ్బాలు కడగొద్దు, కాల్చొద్దు, పూడ్చొద్దు. నీళ్లలో చేరిన పాదరసం ఎక్కడికీ పోదట. బురదలో ఇంకా పెద్ద విషంగా మారి, చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి, అక్కడి నుంచి మనిషిలోకి వస్తుందట. మూతలు బిగించి, కవర్లో కట్టి దవాఖానాకు తెస్తే, పగిలిన థర్మామీటర్లతో పాటు వాళ్లే పద్ధతి ప్రకారం పంపిస్తామంది. నెలకోసారి ఖమ్మం పోయినప్పుడు ఆ మూట తీసుకుపోతాను. ఒకసారి ఒకామె కాలిపోయిన సీఎఫ్ఎల్ బల్బు తెచ్చి "ఇందుల కూడ ఉంటదంట గదా" అని గాజులు వేయించుకుని పోయింది. ఆ గాజులు బల్బుకు కాదు, తెలివికి ఇచ్చాను.

బైకు మనిషి మళ్లీ వచ్చాడు. నేను నోరు తెరవాల్సిన పని లేకపోయింది. చీపుర్లామె లేచి అట్టపెట్టె ముందు నిలబడి "ఇందుల ఏమేసిండ్రు?" అని అడిగింది. వెనకాల ఇంకో నలుగురు ఆడవాళ్లు అదే అడిగారు. అతను పెట్టె కట్టుకుని బండి తిప్పాడు. ఇంకో సంతకు పోయి ఉంటాడు, నాకు తెలుసు. ఆ సంతకూ గాజులు కావాలి కదా, నేనూ పోతాను.

మా పిల్ల మెల్లగా కోలుకుంది. మొదట కళ్ల కింద ఉబ్బు తగ్గింది, తర్వాత కాళ్లు. తెలుపు కరిగిపోయి చింతగింజ రంగు తిరిగి వస్తుంటే రోజూ అద్దంలో చూసుకుని "నేను వస్తున్న ఖాలా" అనేది. మూత్రంలో ప్రొటీను ఆగిపోయిందని డాక్టరమ్మ ఫోన్లో చెప్పిన రోజు, మా చెల్లెలు సంతోషం పట్టలేక ఇంటికి వచ్చిన అందరికీ మలీదా పెట్టింది. నేను దుకాణం వెనక్కి పోయి కాసేపు ఏడ్చాను. నా ఏడుపు చూసిన వాళ్లు తక్కువ, అది అట్లాగే ఉండనివ్వండి.

మళ్లీ మంజే పెట్టారు. ఈసారి అత్తింటి పళ్లేల మీద ఎర్రగుడ్డ లేదు. వియ్యపురాలే తియ్యమంది. "చూసుకోండి, ఏది ఏమిటో రాసి ఉన్నదే తెచ్చాను" అని ప్రతి వస్తువూ నా చేతికిచ్చి చూపించింది. మెరుగు పెట్టించిన పాత ఉంగరాన్నే పిల్ల వేలికి తొడిగింది.

ఆకుపచ్చ గాజులు తీసి, పిల్ల చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. పిసికే ముందు మణికట్టు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలాను. గుంట పడలేదు.

"ఖాలా, గాజులు వేస్తున్నవా, పరీక్ష చేస్తున్నవా?" అని నవ్వింది. నవ్వినప్పుడు చెయ్యి వదులైంది. రెండు నాలుగు సైజు గాజు జారి వచ్చి మణికట్టు మీద కూర్చుంది.

గది నిండా జనం ఉన్నారు. వియ్యపురాలు కోడలి గడ్డం పట్టుకుని ముఖం అందరి వైపూ తిప్పింది. "నా కోడలు. చూడండి, ఎంత బాగుందో" అంది, చివర కూర్చున్న వాళ్లకు కూడా వినపడేట్టు. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆమె నా ముందుకు వచ్చి కూర్చుని, మోచేతి దాకా గాజులు తీసేసిన తన చెయ్యి చాపింది.

"నాదీ నొక్కి చూడండి, సమ్ధన్."

నొక్కి చూశాను. బాగానే ఉంది. వేళ్లు మాత్రం ఇంకా కొంచెం వణుకుతున్నాయి, ఆ వణుకు పోవడానికి టైం పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. వణికే చేతికి మట్టిగాజులు వెయ్యడం కష్టం. అవి ఒకదానికొకటి తగిలి పగిలిపోతాయి. ఆమె చేతిని నా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఒక్కొక్కటే ఎక్కించాను. ఒక్కటి కూడా పగల్లేదు.